పేజీ అడుగున ఆరు అంకెలు

విజయనగరం గంట స్తంభానికి కూతవేటు దూరంలో నాకొక చిన్న డీటీపీ దుకాణం ఉంది. శుభలేఖలు, ప్రశ్నపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లతో పాటు పది పన్నెండు వెబ్‌సైట్ల నిర్వహణ కూడా అక్కడి నుంచే చూస్తుంటాను. వాటిలో ఒకటి మా మాస్టారిది. ఆయన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు. తన ఈడువారే మరో అయిదుగురితో కలిసి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల చరిత్ర, పండుగలు, చేతిపనుల మీద వ్యాసాలు రాసి ఆ సైటులో పెడుతుంటారు. గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి బొబ్బిలి వీణను చేసే తీరు, పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరిచే పద్ధతి, శ్రీముఖలింగం శిల్పాలు, 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల తొలినాళ్ల సంగతులు, ఇలా మూడు వందలకు పైగా వ్యాసాలు అందులో ఉన్నాయి. సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. హోస్టింగ్ గడువు చూసుకోవడం, అప్‌డేట్లు నొక్కడం తప్ప అప్పటివరకు నేను దాని జోలికి పెద్దగా పోలేదు.

2024 ఆగస్టులో ఒక సాయంత్రం మాస్టారు దుకాణానికి వచ్చి, చేతిసంచిలోంచి తమ వార్షిక కరపత్రం తీసి బల్ల మీద పెట్టారు. అందులో సైటును దర్శించినవారు ఆరు లక్షలు దాటారని పెద్దక్షరాలతో అచ్చయి ఉంది. ఆ సంఖ్య సైటులో ప్రతి పేజీ అడుగున నల్లటి పెట్టెలో తెల్లటి అంకెలతో కనిపించే కౌంటరు నుంచి తీసుకున్నది. "మా మేనల్లుడు నిన్న వచ్చి అదంతా ఉత్తుత్తి లెక్క అంటున్నాడు బాబూ. మన రాతలు నిజంగా ఎవులైనా చదువుతున్నారా, లేదా? అది తేల్చి చెప్పు" అన్నారు.

కౌంటరును నడిపే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) సెట్టింగులు తెరవగానే మొదటి విషయం తేలిపోయింది. ఏ సంఖ్య నుంచి మొదలుపెట్టాలో రాసే గడిలో ఎవరో 50,000 అని నింపి ఉంచారు. హారతి పళ్లెంలో పూజారి ముందుగా తానే నాలుగు నాణేలు వేసుకున్నట్టు, సైటు పుట్టకముందే యాభై వేల మంది దర్శించారన్నమాట. మిగిలిన లెక్కయినా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు. సర్వరు ఒక పేజీని తయారు చేసిన ప్రతిసారీ ఆ ప్లగిన్ ఒకటి కలుపుకుంటూ పోతుంది తప్ప, అడిగింది మనిషా, సెర్చ్ ఇంజన్ల తరఫున తిరిగే బాట్ అనే ప్రోగ్రామా, నేను అప్‌డేట్ చేసి పది సార్లు రిఫ్రెష్ కొట్టానా అన్న తేడా దానికి తెలియదు. అంతకంటే విచిత్రం ఏమిటంటే, సైటులో పేజీ క్యాష్ ఉంది కాబట్టి, ఎక్కువమంది చదివే పేజీలు ముందే తయారై సిద్ధంగా ఉంటాయి. వాటిని చూసిన మనుషులు లెక్కలోకి రారు. ఎవరూ చూడని పాత పేజీలను బాట్లు తట్టినప్పుడల్లా మాత్రం అంకె పెరుగుతుంది. అంటే ఆ కౌంటరు ఎక్కువా చెబుతోంది, తక్కువా చెబుతోంది. ఏది ఎంతో విడదీసే దారి లేదు.

అందుచేత సరైన ట్రాకింగ్ పెట్టాలని నిశ్చయించుకుని, సైటు రూపాన్ని నిర్ణయించే థీమ్ ఫైళ్లు తెరిచాను. హెడర్ ఫైలులో యూఏ అనే అక్షరాలతో మొదలయ్యే ఐడీతో సందర్శకులను లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ కోడ్ అప్పటికే ఉంది! సైటును మొదట తయారుచేసిన కుర్రాడు పెట్టి వెళ్లాడు. కానీ ఆ కోడ్ పనిచేసే యూనివర్సల్ అనలిటిక్స్ అనే పాత పద్ధతి 2023 జులై 1న కొత్త లెక్కలు తీసుకోవడం మానేసింది. దాని స్థానంలో గూగుల్ అనలిటిక్స్ 4, అంటే జీఏ4 వచ్చింది. సంవత్సరం పైగా ఆ కోడ్ ఎవరూ ఎత్తని ఫోనుకు రింగు ఇస్తున్నట్టు పనిచేసిందన్నమాట. పోనీ పాత లెక్కలైనా దక్కుతాయేమోనని, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. ఖాతా అతని సొంత మెయిల్ మీద ఉంది. పాపం, రాత్రి పది గంటలకు లాగిన్ అయి చూశాడు. ఏమీ లేదు. 2024 జులై మొదటి వారం నుంచి పాత నివేదికలను కూడా మూసేస్తున్నట్టు గూగుల్ ముందే ప్రకటించి ఉంది. మేము నెల రోజులు ఆలస్యంగా వెళ్లాం. మేనల్లుడు ఆ మాట జూన్‌లో అని ఉంటే కొన్నేళ్ల లెక్కలు దింపుకుని ఉండేవాళ్లం. ఆ నష్టం పూర్తిగా మా నిర్లక్ష్యం వల్ల జరిగిందే.

కొత్తగా ఏది పెట్టాలన్న దగ్గర నేను కొన్నాళ్లు ఊగిసలాడాను. మటోమో అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. 2007లో పివిక్ అనే పేరుతో మొదలై 2018లో ఈ పేరు మార్చుకుంది. దాన్ని మన సర్వరులోనే పెట్టుకోవచ్చు, సందర్శకుల వివరాలు మన డేటాబేసులోనే ఉంటాయి, బ్రౌజరులో కుకీలు అనే గుర్తింపు ఫైళ్లు పెట్టకుండా కూడా నడపవచ్చు. మనసు అటే లాగింది, పది రోజులు పెట్టి చూశాను కూడా. కాని దానికి వేరే డేటాబేసు, వేరే అప్‌డేట్లు, వేరే బ్యాకప్ కావాలి. వర్డ్‌ప్రెస్ అప్‌డేట్‌నే మూడు నెలలకోసారి గుర్తు చేసుకుని చేసే నేను రెండో సాఫ్ట్‌వేరును నమ్మకంగా చూసుకోగలనా అని నన్ను నేను ప్రశ్నించుకుంటే జవాబు దొరికింది. చివరికి జీఏ4 వైపే మొగ్గాను. ఈసారి ఖాతాను నా మెయిల్ మీద కాకుండా వాళ్ల సంఘం మెయిల్ మీద తెరిచి, నన్ను నిర్వాహకుల్లో ఒకడిగా చేర్చుకున్నాను. రేపు నేను దుకాణం కట్టేసినా లెక్కలు వాళ్ల దగ్గరే ఉంటాయి.

కోడ్ పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. జీ అక్షరంతో మొదలయ్యే కొత్త ఐడీ ఇచ్చారు, దానితో పాటు వచ్చిన ఆరేడు వరుసల స్క్రిప్టును పాత కోడ్ ఉన్న చోటే హెడర్ ఫైలులో అతికించి, రియల్‌టైమ్ నివేదిక తెరిచి కూర్చున్నాను. అది గడిచిన ముప్పై నిమిషాల్లో సైటులో ఉన్నవారిని చూపుతుంది. సున్నా. నా ఫోనులో సైటు తెరిచాను. సున్నా. అరగంట తరువాత గాని క్యాష్ గుర్తుకు రాలేదు. పాత పేజీలే ఇంకా అందరికీ వెళుతున్నాయి, కొత్త కోడ్ ఏ ఒక్కరికీ చేరలేదు. క్యాష్ మొత్తం ఖాళీ చేసి, వై-ఫై తీసేసి మొబైల్ డేటా మీద తెరిస్తే తెర మీద ఒకటి అని పడింది. అప్పుడే టీ గ్లాసులు పట్టుకుపోవడానికి వచ్చిన కుర్రాడి ఫోనులో కూడా తెరిపించాను. రెండు అయింది. వాడు నా ముఖం చూసి, ఏదో డబ్బులు పడ్డాయనుకున్నాడు.

పన్నెండు రోజుల తరువాత నివేదిక చూస్తే, వారం నుంచీ వరుసగా సున్నాలు. థీమ్‌కు అప్‌డేట్ వస్తే నేనే నొక్కాను. అప్‌డేట్ అంటే థీమ్ ఫైళ్లను కొత్తవాటితో మార్చివేయడమే కాబట్టి హెడర్ ఫైలు కూడా మారి, నేను అతికించిన కోడ్ కొట్టుకుపోయింది. వర్డ్‌ప్రెస్ నేర్చుకునేవారికి మొదటి రోజే చెప్పే జాగ్రత్త ఇది. నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్న నేను తొందరలో దాన్ని దాటేశాను. ఈసారి చైల్డ్ థీమ్, అంటే అసలు థీమ్‌కు అనుబంధంగా మన మార్పులను విడిగా ఉంచే థీమ్ తయారుచేసి, అందులోని ఫంక్షన్స్ ఫైలులో, డబ్ల్యూపీ హెడ్ అనే హుక్‌కు (మన కోడ్‌ను పేజీ హెడర్‌లో చేర్చే చోటు) తగిలించి కోడ్ రాశాను. అలా రాస్తే అసలు థీమ్ ఎన్నిసార్లు మారినా మన కోడ్ కదలదు. అదే చోట ఒక షరతు కూడా చేర్చాను: లాగిన్ అయి ఉన్నవారికి ఈ కోడ్ పంపవద్దు. వ్యాసాలు దిద్దుతూ ఆ ఆరుగురూ రోజంతా సైటులోనే ఉంటారు. వాళ్లను వాళ్లే లెక్కపెట్టుకుంటే ఈ ప్రయాసంతా దేనికి?

సెప్టెంబరు చివరి వారంలో అంకెలు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. మాస్టారు ఫోన్ చేసి, దసరా దగ్గర పడింది కాబట్టి జనం పెరిగారని సంబరపడ్డారు. నాకు మాత్రం ఒక అంకె మీద అనుమానం వచ్చింది. జీఏ4లో ఒక సెషన్, అంటే ఒకరు ఒకసారి సైటుకు వచ్చి వెళ్లడం, పది సెకన్లకు మించి సాగినా, రెండు లేదా అంతకంటే ఎక్కువ పేజీలు చూసినా, మనం ముఖ్యమని గుర్తించిన ఈవెంటు ఒకటి జరిగినా దాన్ని ఆసక్తిగా చూసిన సెషన్‌గా లెక్కిస్తారు. ఆ శాతం అంతకుముందు సగానికి కాస్త పైన ఉండేది, ఇప్పుడు దాదాపు నూటికి నూరు. లోకంలో ఏ సైటుకూ అంత శ్రద్ధ గల పాఠకులు ఉండరు. కంప్యూటరులో బ్రౌజరు డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ విభాగంలో కలెక్ట్ అనే మాటతో వడపోసి, సైటు మొదటి పేజీ తెరిచాను. ఒక పేజీకి గూగుల్‌కు ఒక్కటే వెళ్లవలసిన అభ్యర్థన రెండు సార్లు వెళ్లింది, రెండింటిలోనూ అదే ఐడీ. ఎవరో ఒకే పేజీ చూసి మూడు సెకన్లలో వెళ్లిపోయినా లెక్కలో రెండు పేజీలు చూసినట్టు పడుతోంది, అందుకే అందరూ ఆసక్తిపరులైపోయారు. విచారిస్తే, సంఘంలో ఒక పెద్దాయన మనవడు సాయం చేద్దామని ఒక అనలిటిక్స్ ప్లగిన్ ఎక్కించి అదే ఐడీ అందులోనూ పెట్టాడని తెలిసింది. ప్లగిన్ తీసేశాను. ఆ కుర్రాడిని ఏమీ అనలేదు. థీమ్‌లో కోడ్ ఉందన్న సంగతి నేను ఎక్కడా రాసి పెట్టలేదు. అప్పటినుంచి ఒక నోటుపుస్తకంలో, ఏ తేదీన ఏ ఫైలులో ఏం మార్చానో రాస్తున్నాను.

ఆ తరువాత వచ్చింది సిరిమానోత్సవం. విజయదశమి తరువాతి మంగళవారం మధ్యాహ్నం దాటాక పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే చివర పూజారి కూర్చునే పొడవాటి మాను, కోట ముందు తిరుగుతుంది. ఊళ్లో ఇసుక వేస్తే రాలనంత జనం, ఆ రోజు దుకాణం తెరిచే ప్రశ్నే లేదు. సైటులో సిరిమాను చెట్టును ఎన్నుకునే ఆనవాయితీ మీద, అమ్మవారి కథ మీద మూడు మంచి వ్యాసాలు ఉన్నాయి. ఆ రోజు వాటిని ఎంతమంది చూశారో చూడాలని మాస్టారికీ నాకూ కుతూహలం. బుధవారం నివేదిక తెరిస్తే, సోమవారం రద్దీ మామూలుగా ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువగా ఉంది, మంగళవారం ఊహించిన దానికంటే తక్కువగా ఉంది. గంటల వారీ పట్టికలో చూస్తే మనవాళ్లు తెల్లవారుజామున అయిదింటి నుంచి ఎనిమిదింటి వరకు ఎగబడి చదువుతున్నట్టు, రాత్రి భోజనాల వేళ వ్యాసాలే పట్టించుకోనట్టు ఉంది. ఏ ఊళ్లో జనం అలా చదువుతారు?

తప్పు నాదే. జీఏ4లో సైటు పేరిట ప్రాపర్టీ అనే లెక్కల ఖాతా తెరిచేటప్పుడు టైమ్ జోన్ గడిని చూడకుండా ముందుకు వెళ్లిపోయాను. అది అమెరికా పసిఫిక్ సమయం మీద ఉండిపోయింది. అక్టోబరులో ఆ సమయానికీ మన సమయానికీ పన్నెండున్నర గంటల తేడా. మనకు మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యేసరికి ఆ లెక్కలో తేదీ మారుతుంది. మంగళవారం పొద్దున్న పండుగ వివరాల కోసం వెదికినవారంతా సోమవారం ఖాతాలోకి, సిరిమాను తిరుగుతున్నప్పుడూ ఆ తరువాతా చదివినవారు మంగళవారం ఖాతాలోకి చీలిపోయారు. అంకెలను చేత్తో కలుపుకుని ఆ రోజు లెక్క ఒకటి కట్టాను గాని, టైమ్ జోన్ మార్చితే అది అక్కడి నుంచి వచ్చే లెక్కలకే వర్తిస్తుంది. వెనకటివి అలాగే ఉండిపోతాయి. మా సైటు నివేదికలో ఆ ఏటి సిరిమాను ఎప్పటికీ రెండు రోజుల పండుగే.

ఊళ్ల పట్టిక మరొక తలనొప్పి తెచ్చిపెట్టింది. అందులో హైదరాబాద్ అన్నిటికంటే పైన ఉంది, తరువాత విశాఖపట్నం, బెంగళూరు, చెన్నై. విజయనగరం ఎక్కడో అడుగున ఉంది, పార్వతీపురం అసలు లేదు. సొంత ఊరివాళ్లే చదవడం లేదని మాస్టారు నొచ్చుకున్నారు. నేను ఆయన ఎదుటే నా ఫోనులో సైటు తెరిచి రియల్‌టైమ్ చూపించాను: గంట స్తంభం దగ్గర కూర్చున్న నేను హైదరాబాదులో ఉన్నట్టు కనిపించాను. ఐపీ చిరునామాను బట్టి ఊరిని ఊహిస్తారు, మొబైల్ కంపెనీల ఐపీలు ఎక్కువగా పెద్ద నగరాల పేర్ల మీద నమోదై ఉంటాయి. అందుచేత మన జిల్లాలో ఫోనులో చదివేవారి లెక్కకు ఆ పట్టికను నమ్మకూడదు. రాష్ట్రం, దేశం వరకు కొంత నయం. ఈ ఒక్క వివరణతో ఆయన ముఖం తేటపడింది.

ఎక్కడి నుంచి వస్తున్నారన్న నివేదికలో డైరెక్ట్ అనే వరుస సగానికి పైగా ఉంది. చిరునామా గుర్తుపెట్టుకుని స్వయంగా టైపు చేసి వచ్చేవారు అంతమంది ఉండరు. మా సైటు పేరు టైపు చేయాలంటే నాకే రెండుసార్లు తప్పు పోతుంది. అసలు సంగతి వాట్సాప్. అక్కడి లింకు నొక్కి వచ్చినవారు ఏ సైటు నుంచి వచ్చారో బ్రౌజరు సాధారణంగా చెప్పదు, అందుకే వాళ్లంతా డైరెక్ట్ ఖాతాలో పడతారు. దీనికి మందు లింకు చివర యూటీఎం గుర్తులు తగిలించడం. యూటీఎంలోని యూ అంటే అర్చిన్. 2005లో గూగుల్ కొనుక్కుని అనలిటిక్స్‌గా మార్చిన కంపెనీ పేరు అది. ప్రశ్నార్థకం పెట్టి, మూలం వాట్సాప్, మాధ్యమం సందేశం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మాస్టారికి లింకులు పంపాను. వారం గడిచినా ఒక్కటీ నమోదు కాలేదు. ఆయన ఫోన్ తీసుకుని చూస్తే, ప్రతి లింకునూ ప్రశ్నార్థకం దగ్గర నుంచి శ్రద్ధగా చెరిపివేసి పంపుతున్నారు. "ఆ తోకేటి బాబూ అసహ్యంగా! చూసినవాళ్లు ఏదో మోసం లింకనుకుంటారు" అన్నారు. ఆయన అన్నదాంట్లోనూ న్యాయం లేకపోలేదు. మధ్యేమార్గంగా మా సొంత డొమైన్‌లోనే చిన్న లింకులు తయారుచేసి, వాటిని నొక్కితే తోకతో ఉన్న అసలు లింకుకు వెళ్లేలా చేశాను. ఒకచోట వాట్సాప్ పేరులో మొదటి అక్షరం పెద్దది, ఒకచోట చిన్నది రాయడం వల్ల నివేదికలో రెండు వాట్సాప్‌లు పుట్టుకొచ్చాయి. ఆ గుర్తులకు పెద్దబడి, చిన్నబడి తేడా ఉంటుంది. అన్నీ చిన్నబడిలోనే రాయాలని నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

తెలుగు సైటు నడిపేవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది పేజీ చిరునామాల గురించి. వర్డ్‌ప్రెస్ వ్యాసం శీర్షికనే చిరునామాగా మారుస్తుంది. చిరునామాలో తెలుగు అక్షరం నేరుగా నిలవదు. ఒక్కొక్క అక్షరానికి యూనికోడ్‌లో మూడు బైట్లు, ఒక్కొక్క బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు, మొత్తం తొమ్మిది. మన వ అక్షరం శాతం ఈ0, శాతం బీ0, శాతం బీ5 అయిపోతుంది. గుడి, కొమ్ము, పొల్లు కూడా విడివిడిగా తొమ్మిదేసి తింటాయి. నివేదికలో పేజీల పట్టిక తెరిస్తే తెర నిండా శాతం గుర్తుల ఈగలు ముసిరినట్టు ఉండేది, ఏ వరుస ఏ వ్యాసమో పోల్చుకోవడం నా వల్ల కాలేదు. పేజీ శీర్షిక ప్రకారం చూసే పట్టికకు మారితే ఆ బాధ చాలావరకు తీరింది.

కాని ఆ పట్టికలు పక్కపక్కన పెట్టుకుని సరిచూస్తుండగా ఇంకొకటి బయటపడింది. వర్డ్‌ప్రెస్ డేటాబేసులో చిరునామా గడి పొడవు 200 అక్షరాలే. తొమ్మిదేసి చొప్పున ఇరవై రెండు తెలుగు కోడ్లు పట్టగానే అది నిండిపోతుంది. 'విజయనగరం జిల్లాలోని ప్రాచీన దేవాలయాలు' అనే వ్యాసాన్ని తీసుకోండి. విజయనగరంలో ఎనిమిది, జిల్లాలోనిలో పది, మధ్య గీతలు రెండు, ఇక మిగిలిన చోటులో 'ప్రా' అన్న నాలుగు పట్టి సరిగ్గా 200 దగ్గర చిరునామా తెగిపోయింది. 'విజయనగరం జిల్లాలోని ప్రాథమిక పాఠశాలల తొలి రోజులు' అనే మరో వ్యాసానికీ అదే గతి పట్టి, రెండింటికీ ఒకే మొదలు కావడంతో రెండోదాని చివర 2 అంకె చేరింది. చిరునామా చూసి ఏది గుడో ఏది బడో చెప్పలేం. మాస్టారి శీర్షికలు సగానికి సగం 'విజయనగరం జిల్లాలోని' అనే మొదలవుతాయి మరి! ముఖ్యమైన అరవై వ్యాసాలకు చిన్న ఇంగ్లీషు అక్షరాల చిరునామాలు ఇచ్చాను. వర్డ్‌ప్రెస్ పాత చిరునామాను గుర్తుంచుకుని కొత్తదానికి పంపుతుంది కనుక లింకులు తెగలేదు. నివేదికలో మాత్రం పాతదీ కొత్తదీ వేర్వేరు వరుసలుగా ఉంటాయి, కలుపుకుని చదువుకోవలసిందే.

ఈ మధ్యలో మాస్టారు నన్నొక ప్రశ్న వేశారు: చదువుతున్నవారికి మనం లెక్కపెడుతున్నట్టు తెలుసా? తెలియదన్నాను. "అడగకుండా పక్కింటి కిటికీలోంచి తొంగి చూసినట్టు కాదూ" అన్నారు. జీఏ4 ఐపీ చిరునామాలను నిల్వ చేయదు, మేము పేర్లు, మెయిళ్లు పంపడం లేదు. అయినా ఒకే మనిషిని మళ్లీ గుర్తుపట్టడానికి మామూలుగా రెండేళ్ల గడువుతో ఒక కుకీని బ్రౌజరులో ఉంచుతుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మన దేశంలో 2023లోనే వచ్చింది. ఆ చట్టం మా చిన్న సైటుకు ఎంతవరకు వర్తిస్తుందన్న మీమాంస పెట్టుకోకుండా, మాస్టారే తేట తెలుగులో అరపేజీ గోప్యతా ప్రకటన రాసిచ్చారు. పేజీ అడుగున సమ్మతి అడిగే ఒక పట్టీ పెట్టి, సరే అన్నవారికే కోడ్ నడిచేలా మార్చాను. దానితో లెక్క మూడో వంతు దాకా తగ్గింది. ప్రకటనలను అడ్డుకునే బ్రౌజర్లు వాడేవారు ఎలాగూ ఇందులో పడరు. కాబట్టి మా దగ్గర ఉన్నది అసలు సంఖ్య కంటే తక్కువ, అది మాకు తెలుసు. కౌంటరుతో వచ్చిన చిక్కు ఏ వైపు తప్పుతోందో కూడా తెలియకపోవడమే. సెట్టింగుల్లో డేటా నిల్వ గడువు రెండు నెలలే ఉంటే, ఒక పండుగను మరుసటి ఏటి పండుగతో పోల్చుకోవడానికి వీలుగా పద్నాలుగు నెలలకు మార్చాను. మామూలు ఖాతాలో అంతకు మించి ఇవ్వరు.

ఇంత చేసినందుకు దక్కిన నికరమైన లాభం సైటులోని వెదుకులాట పెట్టె నుంచి వచ్చింది. పాఠకులు అందులో ఏం వెదుకుతున్నారో జీఏ4 తనంతట తానే నమోదు చేస్తుంది. జనవరిలో ఆ జాబితా తెరిచి చూశాను. పైడితల్లి, సిరిమాను, అరసవల్లి, బొబ్బిలి వీణ, రామతీర్థం, అన్నీ మా దగ్గర ఉన్న విషయాలే. కాని దాదాపు అందరూ వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశారు. పైడితల్లి అన్న ఒక్క పేరునే నాలుగు వర్ణక్రమాల్లో రాశారు. మా వ్యాసాలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి కాబట్టి వాళ్లందరికీ కనిపించింది ఒకే వాక్యం: మీరు వెదికినది దొరకలేదు. అంటే అమ్మవారి మీద మూడు వ్యాసాలు పెట్టుకుని, గుమ్మంలోకి వచ్చి అడిగినవారిని ఏమీ లేదని పంపించేస్తూ వచ్చాం. ఆ సంగతి మాస్టారికి చెప్పిన రోజు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత సంఘం సభ్యులంతా వారం పాటు కూర్చుని, ప్రతి వ్యాసం చివర చిన్న అక్షరాలతో ఆ ఊళ్ల, దేవతల, వృత్తుల పేర్లను ఇంగ్లీషు లిపిలో జనం రాసే రకరకాల వర్ణక్రమాల్లో చేర్చారు. ఫలితం దొరకని వెదుకులాటలు ఫిబ్రవరికే బాగా తగ్గాయి.

చివరిదాకా చదువుతున్నారా అన్నది ఇంకా మిగిలిన ప్రశ్న. పేజీలో తొంభై శాతం కిందికి జరిపినవారిని జీఏ4 ఒక ఈవెంటుగా పంపుతుంది గాని, మా పేజీల్లో వ్యాసం అయిపోయాక బొమ్మలతో మరో పది వ్యాసాల జాబితా, దాని కింద అభిప్రాయాల పెట్టె ఉన్నాయి. వ్యాసం ముగిసేసరికి పేజీ సగమే అవుతుంది. అందుచేత వ్యాసం కింద వచ్చే రచయిత పరిచయం తెర మీదికి రాగానే వేరే ఈవెంటు పంపే చిన్న స్క్రిప్టు రాశాను. అరసవల్లిలో స్వామివారి పాదాల మీద సూర్యకిరణాలు పడే రోజుల గురించిన వ్యాసానికి వచ్చేవారు అందరికంటే ఎక్కువ. తేదీలు చూసుకుని వెళ్లిపోతారు. గొల్లపల్లి వీణల వ్యాసానికి నెలకు నూరు మంది కూడా రారు, వచ్చినవారిలో మూడింట రెండు వంతుల మంది రచయిత పరిచయం దాకా వెళుతున్నారు. ఆ వ్యాసం రాసింది మాస్టారే. ఆ కాగితాన్ని ఆయన రెండుసార్లు చదువుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు.

నల్ల పెట్టె కౌంటరును మార్చిలో తీసేశాం. కొత్త కరపత్రం ప్రూఫు వచ్చినప్పుడు ఆరు లక్షల వాక్యాన్ని మాస్టారు స్వయంగా కొట్టివేశారు. దాని స్థానంలో జీఏ4 చెప్పిన సంఖ్య వేయమంటారా అని అడిగితే, వద్దన్నారు. ఖాళీ అయిన చోటులో వీణల వ్యాసానికి ఒక క్యూఆర్ కోడ్ వేయమన్నారు. సరేనని కోడ్ తయారుచేస్తుంటే భుజం మీదుగా తెర వైపు వంగి, "ఆ తోక కూడా పెట్టు బాబూ, కరపత్రం చూసి ఎంతమంది వచ్చారో తెలియాలి కదా. ఇందులో అయితే ఎవులికీ కనబడదు" అన్నారు.